దక్కని పొట్టేలు, వయసు నాలుగేళ్లు

శివయ్య పొట్టేలైన రోజు తెల్లవారకముందు నుంచీ తుంపర పడుతూనే ఉంది. ఆ తుంపరే లేకపోతే అతను గొంగడి కప్పుకునేవాడు కాదు. గొంగడి కప్పుకోకపోతే ఇవాళ్టికీ మనిషిగానే ఉండేవాడు. బండమీదిపల్లెలో అందరూ తర్వాత ఇదే మాట అన్నారు. శివయ్య మాత్రం వానను ఏనాడూ తిట్టలేదు. వానకు తన పనేదో తెలుసు, తెలియనిదల్లా ఆ ఫోనుకే అన్నాడు.

యాలాల్ మండలంలో, తాండూరు నుంచి ఆటోలో పోతే నడుం పట్టుకుపోయేంత దూరంలో ఉంటుంది బండమీదిపల్లె. ఒక పక్క నాపరాళ్ల గనులు, ఇంకో పక్క కందిచేన్లు, ఆ రెంటి నడుమ మిగిలిన గడ్డి శివయ్య గొర్రెలది. అన్నీ నల్లగొర్రెలే. ముక్కు కొస నుంచి తోక కొస దాకా ఇంకో రంగు వెతికినా దొరకదు. ఆ వారం వాగవతలి ఊళ్లో జీవాలకు పారుడు రోగం తగిలింది. పొద్దున ముక్కు కారిన గొర్రె మర్నాటికి మేత మానేసి, ఆ పైన కాళ్లు చాపేస్తోంది. సూది పడితే మంద దక్కుతుంది, పడకపోతే దక్కదు. శివయ్యకు ఆ వారం లోకంలో ఇంకే సంగతీ లేదు.

సూది మందు ప్రభుత్వం ఊరికే ఇస్తుంది. వెనకటికైతే కాంపౌండరు వచ్చి, గొర్రెను కాళ్ల మధ్య అదిమి గుచ్చి, చాయ్ తాగి పోయేవాడు. అందులో పెద్ద తెలివేమీ అక్కరలేకపోయేది, అందుకే కాబోలు దాన్ని తీసేసి 'మనమంద' అని యాప్ పెట్టారు. ప్రతి జీవానికీ మొహం ఫోటో తీసి ముందు అందులో ఎక్కించాలి. యాప్ ఆ మొహాన్ని గుర్తుపట్టి నంబరిస్తుంది. ఆ నంబరు మీదే సూది. ఆఖరికి మందుసీసా మూతను కూడా ఫోనుకు చూపించందే సీసా తెరవకూడదు.

మంచుగడ్డల పెట్టెలో మందు పెట్టుకొని స్కూటీ మీద వచ్చింది పశువుల ఆస్పత్రి పిల్ల వినీత. కాంట్రాక్టు ఉద్యోగం. ఊరంతా ఆమెను డాక్టరమ్మ అనే పిలుస్తుంది. జీతమిచ్చేవాళ్లు మాత్రం ఆ పొరపాటు చేయరు.

"ముందుగాల పెద్ద పొట్టేలును పట్టు కాకా," అంది వినీత, కొంగు అడ్డం పెట్టి ఫోను తడవకుండా చూసుకుంటూ.

శివయ్య పొట్టేలు తలను రెండు చేతుల్లో బిగించి పట్టాడు. ఫోను దాన్ని చూసింది, ఆలోచించింది, చెప్పింది: "జీవం కనబడుట లేదు. వెలుతురులోకి రండి."

"వెలుతురు యాడికెల్లి తేవాలె? మొగులు నేను పట్టిచ్చిన్నా?" అన్నాడు శివయ్య.

"అది కాదు కాకా. దీనికి యాడనో తెల్లగొర్రెలను చూపిచ్చి నేర్పిండ్రట. నల్లగొర్రెను చూస్తే చీకటనుకుంటది."

"గొర్రెను చూసి చీకటనుకునేదానికి గొర్రెల కొలువెట్లిచ్చిండ్రమ్మా?"

అంతలో శివయ్య భార్య బుగ్గమ్మ ఇంట్లోంచి పసుపు గిన్నె తెచ్చింది. పొట్టేలు మొహానికి పెళ్లికొడుక్కు రాసినట్టు దట్టంగా రాసింది. "ఇగ తియ్యి బిడ్డా, ఎట్ల కనబడదో చూస్త."

ఫోను మళ్లీ చూసింది. "జీవం కనబడుట లేదు. పండ్లు, కూరగాయల నమోదుకు వేరే యాప్ కలదు."

మందను చూడటానికి వచ్చిన పది ఇళ్ల వాళ్లూ ఒక్కసారి గొల్లున నవ్వారు. శివయ్యకు నవ్వు రాలేదు. గొంగడిని మడిచి తల మీద ముసుగులా కొప్పెర వేసుకొని, కిందికి వంగి, పొట్టేలు గదవ పట్టుకొని పైకి లేపాడు. పొట్టేలు తల విదిలించుకొని పక్కకు తప్పుకుంది. సరిగ్గా ఆ క్షణాన ఫోనులోంచి ఠింగుమని గంట మోగింది. తడిచిన వేలు ఎక్కడ పడిందో వినీతకే తెలియలేదు.

"ధన్యవాదగళు," అంది ఫోను. ఆ ఊళ్లో సిగ్నలంతా కర్ణాటక టవరుదే. సంతోషమొచ్చినప్పుడు అది కన్నడం మాట్లాడుతుంది.

వినీత తెర చూసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. పచ్చటి గీత గీసిన చతురస్రంలో, నల్లటి ఉన్ని గొంగడి చెవుల దాకా దిగి, గడ్డం మీద వాన చుక్కలతో శివయ్య. ఆ బొమ్మ కింద రాసి ఉంది: 'నమోదు విజయవంతం. జాతి: దక్కని. పొట్టేలు. వయసు: నాలుగేళ్లు. ఆరోగ్యం: మధ్యస్థం.'

"మధ్యస్థమా?" అంది బుగ్గమ్మ ఫోనులోకి తొంగిచూసి. "గిది నిజమే చెప్తున్నదే!"

గొంగడి ఆ గొర్రెల ఉన్నితో నేసిందే. ఎన్నో ఏళ్లుగా వాటి మధ్యే పడుకొని లేచిన మనిషి. ఫోనును పూర్తిగా తప్పుపట్టడానికి కూడా లేదు. విడ్డూరమేమిటంటే శివయ్య ఎక్కిన తర్వాత దానికి కళ్లు తెరుచుకున్నాయి. ఒక్కో నల్లగొర్రెనూ చూపిస్తే చాలు, ఠింగు, ఠింగు. ఎక్కడా తడుముకోలేదు.

"నీ పోలికలు పట్టుకొని గుర్తువడుతున్నదయ్యా," అంది బుగ్గమ్మ, కొంగు నోట్లో కుక్కుకొని.

"నవ్వు, నవ్వు. సూది వడ్డంక నేను గూడ నవ్వుత."

సూది పడలేదు. సీసా మూత ఫోనుకు చూపించగానే అది అడిగింది: 'మందలో మొదటి జీవానికి సూది వేస్తున్న ఫోటో పెట్టండి.' మొదటిదానికి పడితే తప్ప రెండోదాని గడి తెరుచుకోదు. మొదటిది శివయ్య.

"నాకే గుచ్చమ్మా," అన్నాడు శివయ్య చొక్కా చేయి పైకి మడిచి. "గొర్రెలు బతుకుతయంటే నాకేమైతది?"

"అయ్యో, మందు గుచ్చ కాకా. ఉత్త సూది పక్కన పెట్టి ఫోటో తీస్త. ఏమంటదో చూద్దాం."

శివయ్య మళ్లీ కొప్పెర వేసుకొని కూర్చున్నాడు. బుగ్గమ్మ గొర్రెను పట్టినట్టే అతని తలను మోకాళ్ల మధ్య ఇరికించింది, అవసరమైనదానికంటే కొంచెం గట్టిగానే. ఫోను చూసింది. 'జీవం సరే. సూది తొడకు వేయాలి. చిత్రంలో తొడ కనబడుట లేదు.'

శివయ్య తల పైకెత్తాడు. చుట్టూ ఆడవాళ్లు, ముసలివాళ్లు, చంకల్లో పిల్లలు. అందరూ శ్రద్ధగా చూస్తున్నారు.

"పానం పోయినా చూపియ్య," అన్నాడు.

వినీతకు నవ్వాగి ఏడుపొచ్చేలా ఉంది. మూత చూపించకుండా సీసా తెరిస్తే మందు మాయం చేసిందని ఆమె మీద పడతారు. ఆ ఉద్యోగం నెలనెలా దేవుడి మీద భారం వేసి నడుస్తున్నది. "ఎల్లుండి పొద్దుగాల్ల దాక మందు మంచుల ఆగుతది కాకా. గా లోపల్నే నిన్ను మందలకెల్లి తీపిచ్చుకొని రా. నాతోని కాదు. వికారాబాద్‌ల హర్షవర్ధన్ సారని ఉంటడు, ఆయన చూస్తడు."

మర్నాడు పొద్దున్నే మొగుడూ పెళ్లాలు తాండూరు పోయి వికారాబాద్ బస్సెక్కారు. దారి పొడవునా శివయ్య కిటికీలోంచి గొర్రెల కోసమే చూశాడు. ఎక్కడైనా ఒకటి దగ్గితే తన గుండెలో దగ్గినట్టయింది.

వికారాబాద్‌లో జిల్లా ఆఫీసు మెట్లు అతను ఇదివరకు చాలాసార్లు ఎక్కాడు. పాసుబుక్కని, పింఛనని, ఇంకేదో అని. ఏనాడూ ఎవరూ తల ఎత్తి చూడలేదు. ఆ రోజు గదిలో అడుగు పెట్టీ పెట్టగానే కంప్యూటరు ముందు కూర్చున్న సన్నటి మనిషి గబుక్కున లేచి నిలబడ్డాడు.

"బండమీదిపల్లె పొట్టేలు కదా!" అన్నాడు.

ఆయనే హర్షవర్ధన్. చెయ్యి గోడ వైపు చూపించాడు. గోడకున్న పెద్ద తెర మీద గొంగడి కొప్పెరతో శివయ్య మొహం, కిటికీ అంత పెద్దగా. పైన రాసి ఉంది: 'జీవం ఫోటో ఇలా స్పష్టంగా ఉండాలి.'

"జిల్లా మొత్తంల గింత మంచి ఫోటో ఇంకోటి రాలే పెద్దాయనా. నిన్నటి మీటింగుల అందరూ చప్పట్లు కొట్టిండ్రు. ఎవరూ సరిగ చూసినట్టు లేరు. నేను చూసిన. గని అప్పటికే చప్పట్లు అయిపోయినయి."

మనిషిగా ఉన్నన్నాళ్లూ కూర్చోమని ఒక్క కుర్చీ చూపని ఆఫీసు, పొట్టేలయ్యాక తన బొమ్మ గోడకెక్కించింది. శివయ్య ఆ తెరను చాలాసేపు చూశాడు. మీసం బాగానే పడిందనుకున్నాడు.

"మంచిగుంది సారూ. ఇగ తీసెయ్యి. రేప్పొద్దుగాల్ల సూది వడాలె."

హర్షవర్ధన్ మొహం వాడిపోయింది. "నేను చూడగలుగుత పెద్దాయనా, ముట్టలేను. యాప్ చేసిన కంపెనీ పోయింది. పోయెటప్పుడు తాళం ఇయ్యలే. కొత్త కంపెనీ ఇంక రాలే. నడుమల నన్ను కూసోవెట్టిండ్రు."

"గట్లయితే నువ్వు గూడ మాలెక్కనే కాంట్రాక్టా సారూ?" అంది బుగ్గమ్మ.

"మీకన్న అధ్వానం చిన్నమ్మా. మీకు గొర్రెలన్న ఉన్నయి." ఆయన శివయ్య ఫోనులో యాప్ ఎక్కించి చూపించాడు. "మందలకెల్లి ఒక జీవం పోవాలంటే మూడే దార్లు. చనిపోయింది, తప్పిపోయింది, అమ్ముడుపోయింది."

"చనిపోయిందని కొట్టు సారూ, పీడ పోతది," అన్నాడు శివయ్య.

బుగ్గమ్మ లేచి అతని నోరు మూసింది. "నీ నోట్ల మన్నుబొయ్య! నా పసుపుకుంకుమలు నీ ఫోను చేతుల వెడ్తనా? కొట్టు చూద్దాం సారూ, ఈడనే కూసుంట."

"కొట్టినా కాదు చిన్నమ్మా. డాక్టరు కోసి చూసిన ఫోటో అడుగుతది."

తప్పిపోయిందనాలంటే పోలీసు స్టేషన్‌లో దరఖాస్తు ఇవ్వాలి, ఇవ్వాల్సింది యజమాని. అంటే శివయ్య కనబడటం లేదని శివయ్యే పోయి చెప్పాలి. ముగ్గురూ కాసేపు దాన్ని నిజంగానే ఆలోచించారు. ఇన్‌స్పెక్టరు మొహం కళ్లముందు మెదిలి ఆ దారి వదిలేశారు.

"ఇగ అమ్ముడే," అన్నాడు హర్షవర్ధన్. "కొనేటోళ్లకు గూడ గీ యాప్‌ల ఖాతా ఉండాలె. ఎవరన్న ఉన్నరా మీకు?"

ఉన్నాడు. తాండూరు గంజ్‌లో కందుల వ్యాపారి సూర్యప్రకాశ్. ఎండాకాలం అతని కందిచేనులోనే శివయ్య మంద పడుకుంటుంది, చేనుకు ఎరువవుతుంది. అతని తల్లి సత్యమ్మ ప్యాకెట్ పాలు ముట్టదు. అందుకని పెరట్లో రెండు బర్రెలున్నాయి. ఆ బర్రెలను అతను పోయిన నెలే యాప్‌లో ఎక్కించాడు.

వాళ్లు గంజ్ చేరేసరికి మధ్యాహ్నం దాటింది. సంగతి వినగానే సూర్యప్రకాశ్ కాంటా గొలుసు పట్టుకొని నవ్వాడు, కూర్చొని నవ్వాడు, కంది బస్తా మీద ఒరిగి నవ్వాడు. "రా శివయ్యా, రా. కొంట. నీ అంత మంచి జీవం యాడ దొరుకుతది?"

యాప్ తెరిచాక అతని నవ్వు ఆగింది. ధర అని ఒక గడి ఉంది. అది ఖాళీ ఉంటే ముందుకు కదలదు, సున్నా పెడితే ఒప్పుకోదు.

"ఒక్క రూపాయి పెట్టు సేటు," అన్నాడు శివయ్య.

సూర్యప్రకాశ్ నొచ్చుకున్నట్టు చూశాడు. "రూపాయికి పొట్టేలా? రేపెవడన్న చూస్తే సూర్యప్రకాశ్ దొంగబేరం చేసిండంటడు. నాకు గంజుల పేరున్నది. కొంటే సరైన ధరకే కొంట."

"మరి సరైన ధర చెప్పు," అంది బుగ్గమ్మ. ఆమె గొంతు మారింది. శివయ్య ఆ గొంతును సంతలో విన్నాడు, ఇంట్లో ఎన్నడూ వినలేదు.

సేటు భుజం మీది తువాలు తీశాడు. ఆ గంజ్‌లో పాతవాళ్లు ఇప్పటికీ ధర నోటితో అనరు. తువాలు కింద చేతులు కలిపి, వేళ్లు పట్టి చెప్పుకుంటారు. పక్కనున్నవాడికి తెలియదు. తర్వాత అడిగినా చెప్పరు. చెబితే బేరానికి మర్యాద లేదు.

"ఆడమనిషితోని తువాలు కింద బేరమేందిరా? జరుగు!" లోపలి నుంచి సత్యమ్మ వచ్చింది. జరిగినదంతా తలుపు వెనక నుంచి వినే ఉంది. వచ్చి బుగ్గమ్మ ఎదురుగా చాప మీద కూర్చొని, తన కొంగు చాపి, దాని కింద చెయ్యి పెట్టింది. బుగ్గమ్మ కూడా పెట్టింది.

"పండ్లు చూపియ్యమను," అంది సత్యమ్మ.

"అమ్మా, ఏందమ్మా గిది!" అన్నాడు శివయ్య.

"చూపియ్యరాదయ్యా, చీకటి పడ్తున్నది," అంది బుగ్గమ్మ.

శివయ్య పళ్లు చూపించాడు. సత్యమ్మ కళ్లజోడు సర్దుకుంది. "నాలుగేండ్లని రాసిండ్రా? మస్తు తక్కువ రాసిండ్రు."

"వయసు సంగతేమో గని నడక మంచిగుంటదమ్మా. పొద్దంత నడుస్తడు."

"తిండి?"

"అబద్ధమెందుకు, జర ఎక్కువనే."

"గుణం?"

బుగ్గమ్మ ఆలోచించింది. ఆమె అంతసేపు ఆలోచించడం శివయ్యకు నచ్చలేదు. "పొడవడు," అంది చివరికి. "అప్పుడప్పుడు మొండికేస్తడు. మేత చూపిస్తే వస్తడు."

"అమ్మేటోళ్లు గట్ల చెప్తరానే? జర పొగిడి చెప్పరాదా!" అన్నాడు శివయ్య.

"నువ్వు మాట్లాడకు. జీవాలు మాట్లాడయి."

కొంగు కింద వేళ్లు కదిలాయి. సత్యమ్మ తల అడ్డంగా ఊపింది. బుగ్గమ్మ చెయ్యి వెనక్కి లాక్కొని లేవబోయింది, సత్యమ్మ మళ్లీ కూర్చోబెట్టింది. ఒకసారి బుగ్గమ్మ కళ్లు పెద్దవయ్యాయి. ఒకసారి సత్యమ్మ "గంతనా? గీనెకా?" అని శివయ్యను కింది నుంచి పైదాకా చూసింది. శివయ్య మెడ చాచి కొంగు కిందికి చూడబోయాడు, సేటు భుజం పట్టి ఆపాడు. ఆఖరికి ఇద్దరాడవాళ్లూ ఒకేసారి నవ్వారు. బేరం తెగింది. సత్యమ్మ కొడుకు చెవిలో చెప్పింది. అతను తెర మీద అరచెయ్యి అడ్డం పెట్టి అంకె కొట్టాడు.

"ఎంతకు తెగిందే?" అన్నాడు శివయ్య.

"నీకెందుకయ్యా?"

అమ్మినవాళ్లు, కొన్నవాళ్లు, జీవం కలిసి ఒకే ఫోటోలో ఉండాలంది యాప్. యజమాని బదులు ఇంట్లోవాళ్లు నిలబడినా చాలంది, అదొక్కటే దానికి తోచిన మంచి బుద్ధి. శివయ్య గొంగడి కొప్పెర వేసుకొని నడుమ నిలబడ్డాడు. ఒక పక్క బుగ్గమ్మ, తన సంచి మూతికి కట్టిన తాడు విప్పి అతని మెడకు వేసి పట్టుకొని, ఇంకో పక్క సూర్యప్రకాశ్ పెళ్లి ఫోటోకు నిలబడ్డట్టు. గంజ్ హమాలీ ఒకతను ఫోను పట్టుకున్నాడు. యాప్ ముగ్గురినీ చూసి చెప్పింది: 'జీవం స్పష్టంగా ఉంది. మనుషుల ముఖాలు స్పష్టంగా లేవు.'

మనుషులు మొహాలు కడుక్కొని వచ్చి మళ్లీ నిలబడితే ఠింగుమంది. సూర్యప్రకాశ్ తాడు కోసం చెయ్యి చాపాడు. బుగ్గమ్మ తాడు వెనక దాచుకుంది.

"జీవం మీది సేటు. తాడు మాది. తాడియ్యం."

అది మందలవాళ్ల రివాజు. జీవాన్ని అమ్మినా తాడు ఇంటికే తెచ్చుకోవాలి. లేకపోతే మంద కలిసిరాదు. సూర్యప్రకాశ్ ఒప్పుకున్నాడు. సత్యమ్మ చెంబుతో నీళ్లు తెచ్చి శివయ్య కాళ్ల మీద పోసి, నుదుట బొట్టు పెట్టింది. ఇంటికి కొత్త జీవం వస్తే ఉత్త కాళ్లతో రానివ్వరు వాళ్లు. బొట్టుతోనే శివయ్య చివరి బస్సుకు ఉరికాడు.

తెల్లారి వినీత మంద ముందు నిలబడి యాప్ తెరిచింది. మొదటి గడిలో శివయ్య లేడు. మొన్న పసుపు రాయించుకున్న పెద్ద పొట్టేలు అక్కడికి జరిగి వచ్చింది. వినీత సీసా మూత చూపించింది. గడి తెరుచుకుంది.

శివయ్య ఒక్కో గొర్రెనూ ఎత్తి పట్టాడు, దాని తొడ ఫోనుకు చూపించాడు, సూది పడగానే వదిలాడు. వదిలిన ప్రతిదీ రెండడుగులు ఎగిరి, ఏమీ జరగనట్టు మేతకు పోయింది. బుగ్గమ్మ గొర్రెపిల్లలను అందిస్తూ ఉంది. ఆఖరి పిల్లకు సూది పడ్డాక "ధన్యవాదగళు" అంది ఫోను. శివయ్య ఫోనుకు చేతులు జోడించి దండం పెట్టాడు. అప్పుడు మొదలైంది అతని నవ్వు. కింద కూర్చొని, గొంగడిలో మొహం దాచుకొని, వెనక్కి పడిపోయి నవ్వాడు. గొర్రెలు మేత ఆపి అతని వైపు చూశాయి.

రోగం వాగు దాటి వచ్చింది. ఊళ్లో అక్కడక్కడా ముక్కులు కారాయి. శివయ్య దొడ్డిలో ఒక్కటి కూడా దగ్గలేదు.

కందులు పూతకొచ్చే వేళకు సంగతి అంతా పాతబడింది, ఒక్క శివయ్యకు తప్ప. అన్నం తింటూ అడిగేవాడు, మంద తోలుతూ అడిగేవాడు. "ఎంతకమ్మినవే నన్ను?" బుగ్గమ్మ పెదవి విప్పేది కాదు. సేటును అడిగితే బేరం మర్యాద అనేవాడు. సత్యమ్మకు మాత్రం నెలకోసారి యాప్ నుంచి సందేశం వచ్చేది: 'మీ పొట్టేలుకు నట్టల మందు తాపండి.' ఆమె శివయ్యకు కబురు పెట్టి, కడుపులో పురుగులు పోతాయని వాము కషాయం తాగించి, అన్నం పెట్టి పంపేది. కొన్న జీవాన్ని ఆకలితో పంపితే పాపమనేది.

ఒకరోజు సూర్యప్రకాశే ఫోను చేశాడు. బుగ్గమ్మ తీసింది. స్పీకరులో శివయ్య కూడా వింటున్నాడు.

"యాప్‌ల పొట్టేళ్ల ధర పెరిగిందని చూపిస్తున్నది బుగ్గమ్మా. మా అమ్మేమో దీన్ని బేరం పెట్టమంటున్నది. బయటోళ్లకు ఇచ్చేకంటె ముందుగాల మీకు చెప్పాలె గదా. తిరిగి కొంటవా?"

శివయ్య ఆశగా పెళ్లాం మొహంలోకి చూశాడు. బుగ్గమ్మ అతన్ని పళ్ల నుంచి కాళ్ల దాకా ఒకసారి తీరిగ్గా చూసింది. దండెం మీద వేలాడుతున్న తాడు వైపు చూసింది.

"ఇప్పుడే తొందరేముంది సేటు? తాడైతే ఇంట్లనే ఉన్నది. జర ధర దిగనీ, చూస్త."